పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను మళ్లీ చూడటం ఎలా? స్టార్ ట్రెక్ ఆధారంగా సమగ్ర మార్గదర్శి

ఒకప్పుడు ఇష్టంగా చూసిన సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను మళ్లీ మొదలుపెట్టి పది ఎపిసోడ్లు కూడా దాటకుండానే వదిలేశామని చెప్పేవారు, ఏ ప్రతిని ఏ వరుసలో ఎంత వేగంతో చూడాలో చెప్పమని అడిగేవారు తరచూ కనిపిస్తున్నారు. సిరీస్ పాతబడిపోయిందన్నది చాలామంది చెప్పే కారణం. నా లెక్కలో తప్పు ఎక్కువగా చూసే పద్ధతిలోనే ఉంటుంది. వారానికొకటి చొప్పున చూపించడానికి తీసిన ఎపిసోడ్లను, ఎక్కడెక్కడో కత్తిరించిన ప్రతిలో, అడ్డంగా సాగదీసిన బొమ్మతో, రాత్రికి ఐదేసి చొప్పున చూస్తే ఏ సిరీసూ నిలబడదు.

ఇక్కడ 1966 సెప్టెంబర్ నుంచి 1969 జూన్ దాకా అమెరికాలో ఎన్‌బీసీ టీవీ సంస్థ ప్రసారం చేసిన మొదటి స్టార్ ట్రెక్‌ను, అంటే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ సిబ్బంది కథను, ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాను. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు; ఒక మనిషి ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ పూర్తి చేయగల పరిమాణం. పద్ధతి మారవలసిన చోట మాత్రమే డాక్టర్ హూ, ది ట్విలైట్ జోన్, బాబిలాన్ 5 వంటివాటిని ప్రస్తావిస్తాను.

1. మొదలుపెట్టే ముందు: జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టండి

మొదటి పని టీవీ ముందు కాదు, నోటుపుస్తకం ముందు. సిరీస్ గురించి మీకు గుర్తున్నవన్నీ, ఏ వెబ్‌సైటూ తెరవకుండా, ఒక పేజీలో రాయండి. ఏ ఎపిసోడ్లు గుర్తున్నాయి, ఎవరు ఏమన్నారు, ఏ దృశ్యం భయపెట్టింది, ఏ పాత్ర నచ్చలేదు అన్నవి చాలు.

ఈ పేజీ లేకపోతే మళ్లీ చూడటంలోని సగం ఫలితం పోతుంది. ఎపిసోడ్ చూసిన మరుక్షణం పాత జ్ఞాపకం చెరిగిపోయి, ఇది నాకు ముందే ఇలాగే గుర్తుందని మనసు నమ్మిస్తుంది. నన్ను ఓడలోకి చేర్చు అని ఇంజనీరు స్కాటీకి చెప్పే, అందరికీ తెలిసిన "బీమ్ మీ అప్, స్కాటీ" అన్న మాటనే తీసుకోండి. సరిగ్గా ఆ మాటల్లో ఆ వాక్యాన్ని 79 ఎపిసోడ్లలో ఎవరూ అనరు. శత్రుజాతి అయిన క్లింగాన్ల నుదుటి మీద గట్లు ఉన్నట్టు గుర్తుంటే, అవి 1979 నాటి సినిమా నుంచి వచ్చినవి. ఈ సిరీస్‌లో వారికి అవి ఉండవు.

తర్వాత ఏ రకంగా చూడదలచారో తేల్చుకోండి.

□ మొత్తం సిరీస్ చూడాలా? వారానికి మూడు ఎపిసోడ్ల లెక్కన 27 వారాలు పడుతుంది.
□ ఎంచుకున్న కొన్నే చూడాలా? దిగువ నాలుగో భాగంలో పదిహేను ఇచ్చాను.
□ ఒక ప్రశ్న వెంట వెళ్లాలా? ఉదాహరణకు, కెప్టెన్ కిర్క్ ఆదేశాన్ని, సగం పరగ్రహవాసి అయిన అతని ఉపనాయకుడు స్పాక్ ఎప్పుడెప్పుడు కాదంటాడు, ఓడ వైద్యుడు మెకాయ్ చెప్పింది నిజమని ఎన్నిసార్లు తేలుతుంది వంటివి.

రెండోసారి చూసేవారికి మూడో రకమే మంచిదని నా అభిప్రాయం. కథ ఎలా ముగుస్తుందో తెలిసినవారిని ఎపిసోడ్ చివరిదాకా కూర్చోబెట్టేది ఆ ప్రశ్నే.

2. సరైన ప్రతిని ఎంచుకోవడం

ముందు నిడివి చూడండి. స్టార్ ట్రెక్ ఎపిసోడ్ పూర్తి నిడివి సుమారు 50 నిమిషాలు. మీ దగ్గరున్నది 45 నిమిషాలకు తగ్గితే, అది పునఃప్రసారాల కాలంలో ప్రకటనలకు చోటు చేయడానికి కత్తిరించిన ప్రతి అయివుండవచ్చు. అటువంటి కోతల్లో ముందుగా పోయేవి కథను ముందుకు నడపని చిన్న సంభాషణలు. అభిమాని మళ్లీ చూసేదే వాటికోసం కాబట్టి ఆ ప్రతిని పక్కన పెట్టండి.

రెండోది దృశ్య ప్రభావాల సంగతి. 2006 నుంచి ఈ సిరీస్‌ను శుభ్రపరచి, అంతరిక్ష దృశ్యాలను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో కొత్తగా చేశారు. స్ట్రీమింగ్‌లో సాధారణంగా దొరికేది ఈ కొత్త ప్రతే. బ్లూ-రే డిస్కుల్లో పాత, కొత్త దృశ్యాలు రెండూ ఉంటాయి, మెనూలో ఎంచుకోవచ్చు. ఏది చూస్తున్నారో తెలుసుకోవడం తేలిక: ఓడ గ్రహం చుట్టూ తిరిగే దృశ్యంలో గ్రహం ఒకే రంగు పూసిన గోళంలా ఉంటే పాతది, మబ్బులు, భూభాగాలు విడివిడిగా కనిపిస్తే కొత్తది.

వీలైతే పాత దృశ్యాలతోనే చూడమంటాను. 1960ల లైటింగ్‌లో, ప్లైవుడ్ సెట్లలో నటులు నిలబడి ఉండగా మధ్యలో నలభై ఏళ్ల తర్వాతి గ్రాఫిక్స్ వచ్చి పడితే, లోపం నటులదేమో అనిపిస్తుంది. యుద్ధం ఎక్కువగా ఉన్న "ది డూమ్స్‌డే మెషీన్" వంటి ఎపిసోడ్లను మాత్రం కొత్త దృశ్యాలతో మరోసారి చూడటం బాగానే ఉంటుంది.

మిగతా సిరీస్‌ల విషయంలో తెలుసుకోవలసినవి ఇవి.

డాక్టర్ హూ: 1963లో మొదలైన ఈ సిరీస్‌లో 1960ల నాటి ఎపిసోడ్లు చాలా ఇప్పటికీ దొరకలేదు, ఎందుకంటే బీబీసీ ఆ టేపులను చెరిపేసింది. అప్పటి అభిమానులు ఇళ్లలో రికార్డు చేసుకున్న ధ్వని మిగిలినందువల్ల, పోయిన భాగాలను యానిమేషన్‌తోనో నిశ్చల చిత్రాలతోనో చూపిస్తున్నారు. పునర్వీక్షణను అలాంటి కథతో మొదలుపెట్టకండి. అలాగే గది లోపలి దృశ్యాలు నున్నగా, బయటి దృశ్యాలు గరుకుగా కనిపిస్తే మీ టీవీ చెడిపోయిందనుకోవద్దు. స్టూడియోలో వీడియో కెమెరాలు, బయట ఫిల్మ్ కెమెరాలు వాడేవారు.

స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్: దీన్ని ఫిల్మ్ మీద తీసినా కూర్పు వీడియో టేపు మీద చేశారు. తర్వాత అసలు నెగటివ్‌ల నుంచి మళ్లీ కూర్చి హెచ్‌డీ ప్రతి తయారుచేశారు. ఆ ప్రతినే చూడండి. ఆ తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్‌లైన డీప్ స్పేస్ నైన్, వాయేజర్‌లకు అలాంటి పునర్నిర్మాణం జరగలేదు కాబట్టి వాటి హెచ్‌డీ ప్రతుల కోసం వెతికి సమయం వృథా చేసుకోవద్దు.

బాబిలాన్ 5: వెడల్పు తెర ప్రతిలో గ్రాఫిక్స్ దృశ్యాల పైభాగం, కిందిభాగం కత్తిరించి ఉంటాయి. తర్వాత వచ్చిన, పాత టీవీల నిష్పత్తి అయిన 4:3 ప్రతిని తీసుకోండి.

విదేశాల నుంచి డిస్కులు తెప్పించుకునేవారు, డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ కోడ్ చూసుకోవాలి. బ్లూ-రేల విషయంలో భారతదేశం సి రీజియన్‌లో, అమెరికా ఎ రీజియన్‌లో, బ్రిటన్ బి రీజియన్‌లో ఉన్నాయి. డీవీడీలలో భారతదేశానిది 5, అమెరికాది 1. కోడ్ కలవకపోతే ప్లేయర్ డిస్కును తిరస్కరిస్తుంది, కొన్న దుకాణం సాధారణంగా వెనక్కి తీసుకోదు.

3. తెర, ధ్వని

ఇది పది నిమిషాల పని, కానీ దాదాపు ఎవరూ చేయరు.

□ బొమ్మ నిష్పత్తి 4:3లో ఉందా? పక్కల నల్లటి పట్టీలు ఉండటమే సరైన స్థితి. జూమ్, స్ట్రెచ్ ఆపేయండి.
□ కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపారా? అది ఉంటే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసినది కూడా ఇంటి వీడియోలా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది చాలు.
□ వివిడ్ మోడ్ తీసేశారా? ఈ సిరీస్ రంగులు ముందే గాఢమైనవి. ఆ మోడ్‌లో సిబ్బంది ఎర్ర చొక్కాలు కళ్లకు కొడతాయి.
□ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకున్నారా? స్కాటీ యాస, సాంకేతిక పదాలు కలిసి వచ్చినప్పుడు అవసరమవుతాయి. ఇందులో నామోషీ ఏమీ లేదు.
□ తర్వాతి ఎపిసోడ్ తనంతట తానే మొదలయ్యే ఆటోప్లే ఆపారా?

4. వరుస

స్టార్ ట్రెక్‌కు రెండు వరుసలున్నాయి: ప్రసారమైన వరుస, చిత్రీకరించిన వరుస. జాబితాల్లో సాధారణంగా కనిపించేది మొదటిది. అందులో తొలి ఎపిసోడ్ 1966 సెప్టెంబర్ 8న వచ్చిన "ది మ్యాన్ ట్రాప్". అసలు 1965లోనే తీసిన రెండో పైలట్ (సిరీస్‌కు అనుమతి కోసం ముందుగా తీసే నమూనా ఎపిసోడ్) "వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్" మూడో వారంలో వస్తుంది. దాంతో మూడో వారంలో హఠాత్తుగా దుస్తులు మారిపోతాయి, డాక్టర్ మెకాయ్ స్థానంలో మరొక వైద్యుడు కనిపిస్తాడు, సమాధి రాయి మీద కిర్క్ పేరులోని మధ్య అక్షరం కూడా వేరుగా ఉంటుంది. మొదటిసారి చూసేవారికి ఇది అయోమయం.

మళ్లీ చూసేవారికి నేను చెప్పే వరుస ఇది. ముందు ఈ ఆరింటిని చిత్రీకరించిన క్రమంలో చూడండి:

ఒకటి, వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్.
రెండు, ది కార్బొమైట్ మనూవర్.
మూడు, మడ్స్ విమెన్.
నాలుగు, ది ఎనిమీ వితిన్.
ఐదు, ది మ్యాన్ ట్రాప్.
ఆరు, ది నేకెడ్ టైమ్.

ఆ తర్వాత ప్రసార క్రమంలోకి వచ్చి, చూసేసినవాటిని దాటుకుంటూ వెళ్లండి. మొదట్లో గొంతు పెంచి అరిచే స్పాక్ మనకు తెలిసిన స్పాక్‌గా కుదురుకోవడం ఈ ఆరింటిలో వరుసగా కనిపిస్తుంది. ప్రసార క్రమంలో ఆ మార్పు ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

ఎన్‌బీసీ తిరస్కరించిన మొదటి పైలట్ "ది కేజ్"ను చాలామంది అన్నిటికన్నా ముందు చూస్తారు. దానిలోని దృశ్యాలనే తర్వాత "ది మెనాజరీ" అనే రెండు భాగాల కథలో వాడుకున్నారు కాబట్టి, కొద్ది రోజుల తేడాతో ఒకే దృశ్యాలను రెండుసార్లు చూడవలసి వస్తుంది. "ది మెనాజరీ"ని దాని స్థానంలో చూసి, "ది కేజ్"ను మొదటి సీజన్ పూర్తయ్యాక పెట్టుకోండి. పాడే మొక్కలను చూసి స్పాక్ నవ్వే దృశ్యం అప్పుడు మరింత వింతగా ఉంటుంది.

సమయం లేనివారికి పదిహేను: ది నేకెడ్ టైమ్, ది కార్బొమైట్ మనూవర్, బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్, ఎరీనా, స్పేస్ సీడ్, ది డెవిల్ ఇన్ ద డార్క్, ఎరాండ్ ఆఫ్ మెర్సీ, ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్, అమోక్ టైమ్, మిర్రర్ మిర్రర్, ది డూమ్స్‌డే మెషీన్, జర్నీ టు బేబెల్, ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్, ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్, ది థోలియన్ వెబ్.

ది ట్విలైట్ జోన్‌కు వరుస అక్కర్లేదు, ఎందుకంటే 156 ఎపిసోడ్లలో ప్రతిదీ విడి కథ. నాలుగో సీజన్ మాత్రం గంట నిడివి గలది కాబట్టి దానిని విడిగా పెట్టుకోండి. బాబిలాన్ 5 అందుకు పూర్తిగా వ్యతిరేకం. అయిదు సీజన్ల ఒకే కథ, క్రమం తప్పితే అర్థం కాదు. ఫైర్‌ఫ్లైను 2002లో ప్రసారం చేసినప్పుడు పైలట్‌ను చివరికి నెట్టారు. డిస్కుల్లో ఉన్న క్రమాన్ని అనుసరించండి.

5. వేగం

రోజుకు ఒకటి, వారానికి మూడు లేదా నాలుగు. ఇంతకు మించవద్దు.

దీనికి కారణం ఉంది. ఈ సిరీస్‌లలో ఒకే రకం మలుపులు, ఒకే సెట్లు, ఒకే సంగీత ఖండాలు మళ్లీమళ్లీ వస్తాయి. వారం తేడాతో చూసేవారికి అవి పరిచయంగా తోస్తాయి, గంట తేడాతో చూసేవారికి విసుగు పుట్టిస్తాయి. డాక్టర్ హూ పాత కథలయితే సుమారు 25 నిమిషాల భాగాలు. ప్రతి భాగం చివర ఒక ప్రమాదం, తర్వాతి భాగం మొదట్లో అదే ప్రమాదం మళ్లీ. వారపత్రికల్లోంచి చింపి కుట్టించుకున్న సీరియల్‌ను ఒక్క రాత్రిలో చదివితే ప్రతి వారం చివర వేసిన ముడి ఎంత చిరాకు పెడుతుందో, ఆరు భాగాల కథను ఒక్క బిగిన చూస్తే అంతే. రోజుకు రెండు భాగాలు చాలు.

6. ఒక ఎపిసోడ్‌ను చూసే క్రమం: బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్

1966 డిసెంబర్ 15న వచ్చిన ఈ ఎపిసోడ్ అభ్యాసానికి అనువైనది. కథ మీకు గుర్తుండే ఉంటుంది: కంటికి కనిపించని, రోములన్లు అనే శత్రుజాతి ఓడ ఒకటి సరిహద్దు స్థావరాలను ధ్వంసం చేస్తుంది, ఎంటర్‌ప్రైజ్ దాన్ని వెంటాడుతుంది.

మొదటి మెట్టు: నోట్సు రాయకుండా, ఫోన్ మరో గదిలో పెట్టి, ఒక్క బిగిన చూడండి.

రెండో మెట్టు: టైటిళ్లకు ముందు వచ్చే చిన్న దృశ్యం, ఆ తర్వాతి నాలుగు అంకాలు ఎక్కడ విడిపోతున్నాయో గమనించండి. ప్రకటనల కోసం తెర నల్లబడే ప్రతిచోటా దానికి ముందు చివరిగా ఎవరి ముఖం కనిపించిందో రాసుకోండి. ఆ అంకం ఎవరి కథో దాన్నిబట్టి తెలుస్తుంది.

మూడో మెట్టు: మర్నాడు రెండే దృశ్యాలు మళ్లీ చూడండి. మొదటిది, రోములన్ కమాండర్ ముఖం తెర మీద తొలిసారి కనిపించే చోటు. అంతకు ముందు యుద్ధంలో ఇరుపక్షాలూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు కనిపించిన ముఖానికి స్పాక్ మొనదేలిన చెవుల వంటి చెవులే ఉన్నాయి. ఆ క్షణంలో తెరను వదిలేసి, పక్కకు తిరిగి స్పాక్‌ను చూసే ఎంటర్‌ప్రైజ్ నావిగేటర్ స్టైల్స్‌ను గమనించండి. అతని పూర్వీకులు ఆ యుద్ధంలో చనిపోయారు. మాట ఇంకా మొదలు కాకముందే అనుమానం ఆ చూపులోకి వచ్చేస్తుంది. స్పాక్ ముఖం మాత్రం కదలదు.

రెండో దృశ్యం పెళ్లి. ఎపిసోడ్ పెళ్లితో మొదలై, హెచ్చరిక మోగడంతో ఆగిపోతుంది. వధువు ఏంజెలా, వరుడు టాంలిన్సన్ ఆ తర్వాత ఎక్కడెక్కడ కనిపించారో, వారికి ఎన్ని మాటలు ఇచ్చారో లెక్కపెట్టండి. మొదటిసారి చూసినప్పుడు మన దృష్టి రెండు ఓడల వేట మీద ఉంటుంది కాబట్టి, పోరులో మరణించేది టాంలిన్సన్ అని చాలామందికి గుర్తుండదు.

నాలుగో మెట్టు: ముఖ్య పాత్ర వేసిన నటుడు ఇంకెక్కడ వస్తాడో చూసి గుర్తు పెట్టుకోండి. రోములన్ కమాండర్‌గా నటించిన మార్క్ లెనార్డ్ రెండో సీజన్‌లోని "జర్నీ టు బేబెల్"లో స్పాక్ తండ్రి సారెక్‌గా వస్తాడు. రెండింటినీ ఒకే వారంలో పెట్టుకుంటే, ఓడ నడిపే మనిషిగా ఒకసారి, కొడుకుతో మాట్లాడని తండ్రిగా ఒకసారి ఆ నటుడు తన నిశ్చలతను ఎలా మార్చుకున్నాడో తెలుస్తుంది.

అన్ని ఎపిసోడ్లకూ ఇంత శ్రమ అక్కర్లేదు. పదింటిలో ఒకదానికి చేస్తే చాలు.

7. మూడో సీజన్ గండం

పునర్వీక్షణలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. ఈ సీజన్‌కు బడ్జెట్ తగ్గింది, ప్రసార సమయం శుక్రవారం రాత్రి పదికి మారింది, మొదటి ఎపిసోడ్ "స్పాక్స్ బ్రెయిన్" అయింది. స్పాక్ మెదడును దొంగిలించుకుపోయే ఆ కథను నవ్వుకుంటూ చూడండి; ఆపి వెళ్లిపోకండి. ఆ తర్వాతి వారానిదే "ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్".

ఈ సీజన్‌లో రెండు బలహీన ఎపిసోడ్ల తర్వాత ఒక మంచిది వచ్చేట్టు ముందే ప్రణాళిక వేసుకోండి. "ది థోలియన్ వెబ్", "డే ఆఫ్ ద డవ్", "ఆల్ అవర్ యెస్టర్‌డేస్" అలా ఆదుకుంటాయి. చివరి ఎపిసోడ్ "టర్నబౌట్ ఇంట్రూడర్" స్త్రీల గురించి చెప్పే మాట మింగుడుపడదు. మొదటి సీజన్‌లోని "మడ్స్ విమెన్" కూడా అటువంటిదే. ఆ కాలం అలాంటిదని సర్దిచెప్పుకోవడం కన్నా, ఏ దృశ్యంలో ఏ మాట ఇబ్బంది పెట్టిందో నోటుపుస్తకంలో స్పష్టంగా రాయడం ఉపయోగం.

8. ఇతరులతో కలిసి చూడటం

కొత్తవారిని మొదటి ఎపిసోడ్‌తో కూర్చోబెట్టకండి. "ది డెవిల్ ఇన్ ద డార్క్" లేదా "ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్" పిల్లలకూ నచ్చుతాయి. చూస్తున్నంతసేపూ వివరణలు ఇవ్వకండి. రాబోయేది ముందే చెప్పేసే అలవాటు అభిమానులందరికీ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టడం ఈ జాబితా మొత్తంలో కష్టమైన పని.

విదేశాల్లోని అన్నదమ్ములతోనో స్నేహితులతోనో ఒకే సమయంలో చూడాలంటే వేళ ముందే కుదుర్చుకోవాలి. డాలస్‌లో శనివారం రాత్రి 8 గంటలంటే హైదరాబాదులో ఆదివారం పొద్దున, వేసవిలో 6:30, చలికాలంలో 7:30. ఇక్కడివారికి కాఫీ వేళ, అక్కడివారికి భోజనాల తర్వాతి తీరిక. రెండు చోట్లా ఒకే నిడివి గల ప్రతి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇరవయ్యో నిమిషానికే ఒకరు ముందుంటారు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పొరపాటు: ప్రతి ఎపిసోడ్‌కూ మార్కులు వేయడం.
సవరణ: మార్కుకు బదులు ఒక్క వాక్యం రాయండి. ఆరు నెలల తర్వాత "పదికి ఏడు" అన్నది మీకే అర్థం కాదు.

పొరపాటు: బలహీన ఎపిసోడ్లన్నిటినీ దాటేయడం.
సవరణ: కనీసం టైటిళ్లకు ముందరి దృశ్యం, మొదటి అంకం చూడండి. నచ్చకపోతే అప్పుడు వదిలేయండి.

పొరపాటు: అన్ని సిరీస్‌లకూ స్కిప్ ఇంట్రో నొక్కడం.
సవరణ: స్టార్ ట్రెక్‌కు నష్టం లేదు. బాబిలాన్ 5లో ప్రతి సీజన్‌కూ ప్రారంభ కథనం మారుతుంది, అది కథలో భాగం. అక్కడ నొక్కవద్దు.

పొరపాటు: ఎపిసోడ్ మధ్యలో నటుల వివరాలు ఫోన్‌లో వెతకడం.
సవరణ: ప్రశ్నను రాసి పెట్టుకుని, ముగింపు పేర్లు చూడండి. ఆటోప్లే ఆపమన్నది ఇందుకే.

పొరపాటు: ఒక తేడా కనిపెట్టి సిరీస్ మొత్తాన్ని కొట్టిపారేయడం.
సవరణ: ఇవి వారం వారం పరుగుల మీద తీసినవి. తేడాలకు విడిగా ఒక పేజీ పెట్టుకోండి, సరదాగా ఉంటుంది.

10. పూర్తయ్యాక

చివరి ఎపిసోడ్ అయిన వారంలోపు, మొదట రాసిన జ్ఞాపకాల పేజీని తెరిచి పోల్చుకోండి. తప్పని తేలినవాటిని కొట్టివేయకుండా పక్కన సరైనది రాయండి.

తర్వాత ఏమిటన్నది అడుగుతారు. "స్పేస్ సీడ్" మరోసారి చూసి 1982 నాటి ది రాత్ ఆఫ్ ఖాన్ సినిమాకు వెళ్లండి. ఓడ నావిగేటర్ చెకోవ్ రెండో సీజన్‌లోగానీ సిరీస్‌లోకి రాడు, మొదటి సీజన్‌కు చెందిన ప్రతినాయకుడు ఖాన్ మాత్రం సినిమాలో అతని ముఖాన్ని గుర్తుపడతాడు. తేడాల పేజీకి అది మంచి చేర్పు. "ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్" తర్వాత 1996 నాటి డీప్ స్పేస్ నైన్ ఎపిసోడ్ "ట్రయల్స్ అండ్ ట్రిబుల్‌యేషన్స్" చూడాలి, అయితే రెండింటి మధ్య రెండు రోజులకు మించి విరామం వద్దు, ఎందుకంటే పాత దృశ్యాల్లోకి కొత్త నటులను ఎక్కడ చేర్చారో పట్టుకోవాలంటే మొదటిది కళ్లలో తాజాగా ఉండాలి. 1973-74లో వచ్చిన 22 యానిమేషన్ ఎపిసోడ్లను మాత్రం తీరిక దొరికినప్పుడు, ఏ వరుసా లేకుండా చూసుకోవచ్చు.